ఇటుక బట్టీ అడ్వాన్సు గురించి తిరుగుతున్న ఆ మెసేజ్

ఈ వారంలో మూడోసారి వచ్చింది. ముందు బెంగళూరు తెలుగువాళ్ల గ్రూపు, తర్వాత ఆఫీసు గ్రూపు, చివరికి సర్జాపురలో ఇల్లు కట్టిస్తున్న మా బావగారు. "వెట్టి చాకిరీ ఎప్పుడో పోయింది. అడ్వాన్సు తీసుకున్నవాళ్లు పని చేసి తీర్చాల్సిందే. సప్లయర్ దగ్గర ఏం జరిగితే కంపెనీకెందుకు? తనిఖీలన్నీ కాగితాల మీదే, విదేశీ కుట్ర" అని అందులో ఉంది.

విదేశీ కుట్రా? బలవంతపు చాకిరీని నిషేధించే 23వ అధికరణం మన రాజ్యాంగంలోనిది, వెట్టిని రద్దు చేసిన 1976 చట్టం మన పార్లమెంటు చేసినది. ఎప్పుడో పోయి ఉంటే, వెట్టి నుంచి విడిపించిన మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షలు ఇచ్చే పథకం 2016లో ఎవరి కోసం తెచ్చారు?

అసలు మండేది అడ్వాన్సు మాటకే. బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర ఒక బట్టీకి తనిఖీకి వెళ్లేవాళ్లు, తెలుగు వచ్చినవాళ్లు కావాలంటే తోడుగా వెళ్లాను. పాలమూరు నుంచి వచ్చిన ఒకామె లెక్క మేస్త్రీ నోటుబుక్కులో చూశాను. ఒక పక్క అడ్వాన్సు, దాని కింద బియ్యం, పిల్లాడి జ్వరానికి మందులు, తల్లి పోతే ఊరికెళ్లిన బస్సు చార్జీ. రెండో పక్క కోసిన ఇటుకలు. ఆరు నెలలు ఎండలో కోసినా అప్పు మొదటికంటే పెరిగింది. "ఇద్దర్నీ ఒక్కసారి ఊరికి పోనియ్యరు సారూ, ఒకరు ఈడ ఉండాల్సిందే" అంది. ఇది అప్పు తీర్చడమా, మనిషిని తాకట్టు పెట్టుకోవడమా? కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరీయేనని 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసులో (ఏషియాడ్ కేసు) సుప్రీంకోర్టు చెప్పింది. 1976 చట్టం ప్రకారం వెట్టి అప్పు రద్దయినట్టే. అది వెట్టి అప్పు కాదని రుజువు చేయాల్సింది కూడా ఇచ్చినవాడే.

కంపెనీకెందుకంటారా? పెద్ద లిస్టెడ్ కంపెనీలు బలవంతపు చాకిరీ ఫిర్యాదుల లెక్క ఏటా చెప్పాలని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ అడుగుతోంది. ఇటుక గట్టిదనం ల్యాబులో చూపించుకునే బిల్డరు, కోసినవాళ్లకు కూలి అందిందా అని అడగలేడా?

తనిఖీలు కాగితాల మీదేనన్న మాట మాత్రం నిజం, ఒప్పుకుంటాను. మేం వెళ్లే సంగతి బట్టీకి ముందు రోజే తెలిసిపోయింది. వెట్టి చట్టం అమలు చూడ్డానికి ప్రతి జిల్లాలో ఉండాల్సిన విజిలెన్స్ కమిటీ పేరు అక్కడ ఒక్కరూ వినలేదు. అలాంటప్పుడు చెప్పకుండా వెళ్లి చూడమని అడగాలి గానీ, అసలు చూడొద్దంటారా?

బావగారూ, మీ ఇంటికి ఇటుక ఏ బట్టీ నుంచి వస్తోందో మీ కాంట్రాక్టర్‌ని అడగండి. ఆదివారం ఇద్దరం వెళ్లి ఆ నోటుబుక్కు చూద్దాం.