అమ్మను కూర్చోబెట్టి తప్పు చేశాను

మా అమ్మ 2011లో న్యూజెర్సీకి, మా దగ్గరికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు 74 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో ఉన్నన్నాళ్లూ తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, వంగి ముగ్గు వేసేది. పెరట్లో సొరపాదుకు బిందెతో నీళ్లు మోసేది. కత్తిపీట ముందేసుకుని నేల మీద కూర్చుని కూరలు తరిగేది, లేచేది, మళ్లీ కూర్చునేది. ఎండాకాలం వచ్చిందంటే వడియాల పిండి గిన్నె పట్టుకుని మేడ ఎక్కేది. దాన్ని మాలో ఎవరూ వ్యాయామం అనుకోలేదు. ఆమె అసలే అనుకోలేదు.

ఇక్కడికి వచ్చాక నేను ఆమెను సోఫాలో కూర్చోబెట్టాను. "జీవితమంతా చాకిరీ చేశావు, ఇక చాలమ్మా" అన్నాను. గిన్నె కడగబోతే డిష్‌వాషర్ ఉందిగా అన్నాను. ఉతికిన బట్టల బుట్ట ఎత్తబోతే చేతిలోంచి లాక్కున్నాను. మెట్లు ఎక్కడం కష్టమని కింది గదిలోనే మంచం వేయించాను. టీవీలో తెలుగు సీరియళ్లు పెట్టించాను. మావారూ నేనూ పొద్దున ఎనిమిదికి ఆఫీసుకు వెళ్తే సాయంత్రం ఆరు దాటాక వచ్చేవాళ్లం. అంతసేపూ అమ్మ ఆ సోఫాలోనే ఉండేది. ప్రేమతోనే చేశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ప్రేమే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

రెండున్నరేళ్లకు ఒక జనవరి రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత ఇంటికి వచ్చిన ఫిజికల్ థెరపీ అమ్మాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పడకముందు మీ అమ్మగారు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలిగేవారా?" నా దగ్గర జవాబు లేదు. అమ్మ పరగడుపు షుగర్ ఎంతో తెలుసు, మూడు నెలల సగటు ఎంతో తెలుసు, కొలెస్ట్రాల్ ఎంతో తెలుసు. వాటికి ఒక ఫైలే ఉండేది నా దగ్గర. ఆమె కాళ్లలో బలం ఎంత ఉందో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

అమ్మ మరో మూడేళ్లు బతికింది, వాకర్‌తో. మళ్లీ ముగ్గు వెయ్యలేదు. పోయాక పిన్ని ఫోన్లో ఒక మాట చెప్పింది. తుంటి విరగడానికి కొన్ని నెలల ముందే అమ్మ గరాజ్ మెట్టు మీద ఒకసారి జారి పడిందట. "పిల్లలు టెన్షన్ పడతారు, చెప్పకు" అని పిన్ని దగ్గర మాట తీసుకుందట.

ఇప్పుడు నాకు 71. మా కోడలు ఎంతో మంచి పిల్ల. నేను వంటింట్లోకి వెళ్తే చాలు, "అత్తయ్యా, మీరు కూర్చోండి, నేను చేస్తా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అమ్మ సోఫా గుర్తొస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మన తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల ఆరోగ్యం అంటే రక్తపరీక్ష కాగితం అయిపోయింది. షుగర్, గుండెజబ్బు మనవాళ్లకు ఎక్కువ కాబట్టి ఆ భయంలో న్యాయం ఉంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మామూలుగా బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 25 దాటి, షుగర్ వచ్చే ముప్పు ఇంకొకటి కూడా ఉంటే పరీక్ష చేయించమంటుంది, ఆసియా మూలాల వాళ్లకైతే 23కే చేయించమంటుంది. కానీ ఆ కాగితం మీద కనపడని విషయం ఒకటుంది. ఈ దేశంలో ఉన్న దక్షిణాసియా వాళ్ల మీద 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో, షికాగోలో 'మసాలా' అనే పేరుతో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. మిగతా జాతుల వాళ్లతో పోలిస్తే మనకు పొట్టలోపల, కాలేయంలో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ అని అందులో తేలింది. అంటే వయసు రాకముందే మన ఖాతాలో కండ కొంచెమే ఉంది. వయసు పెరిగేకొద్దీ అందరికీ కండ తరుగుతుంది. మనం ఆ ఉన్న కాస్త కండనూ సోఫాలో కూర్చోబెట్టి తరిగేస్తున్నాం. భోంచేశాక రక్తంలోకి వచ్చిన చక్కెరను తీసుకునేవాటిలో కండరాలు ముఖ్యమైనవి. కాబట్టి షుగర్ గురించి దిగులుపడేవాళ్లు కూడా ముందు కాళ్ల వైపు చూడాలి.

పడిపోవడం ఏదో దురదృష్టం అనుకుంటాం. అమెరికాలో 65 దాటినవాళ్లలో నలుగురిలో ఒకరికంటే ఎక్కువ మంది ప్రతి ఏడూ పడుతున్నారని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. పడ్డవాళ్లలో సగం మంది కూడా డాక్టరుకు చెప్పరు. ఒకసారి పడితే మళ్లీ పడే అవకాశం రెట్టింపు అవుతుంది. మా అమ్మ దాచిన, ఆ మొదటిసారి పడటమే నాకు దొరకాల్సిన హెచ్చరిక. మీ అమ్మానాన్నలను, అత్తమామలను ఇవాళే అడగండి: "ఈమధ్య ఎప్పుడైనా జారారా, తూలారా?" కోప్పడకుండా అడగండి. కోప్పడితే చెప్పరు.

సీడీసీ వాళ్లు డాక్టర్ల కోసం పెట్టిన ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించండి. అందులో కూర్చుని రెండు చేతులూ గుండెల మీద కట్టుకోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చుంటారో లెక్కపెట్టాలి. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు కనీసం 10 సార్లు, మగవాళ్లు 12 సార్లు లేవగలగాలి. పక్కన ఒకరు నిలబడి ఉండండి. మొదటిసారి నేను ఎనిమిది దగ్గర ఆగిపోయాను. ఏడాది పాటు వారానికి మూడు రోజులు అదే పని చేస్తే ఇప్పుడు 13 వస్తున్నాయి. ఇందులో గొప్ప విద్యేమీ లేదు. చిన్నప్పుడు వినాయకుడి ముందు తీసిన గుంజీళ్లే, కుర్చీ సాయంతో.

"నేను రోజూ నడుస్తాను కదా" అంటారు చాలామంది. నడవండి, మంచిదే. కానీ నడక ఒక్కటే తొడల్లో బలాన్ని, ఒంటి మీద పట్టును నిలబెట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకు వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా చేయమని చెబుతోంది. పైగా న్యూజెర్సీలో డిసెంబరు నుంచి మార్చి దాకా మంచులో మన పెద్దలు ఎక్కడ నడుస్తున్నారు చెప్పండి? కారు నడపరు, మా వీధిలాంటి వీధుల్లో ఫుట్‌పాత్ కూడా లేదు. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు తిరిగి వెళ్లేటప్పుడు వీల్‌చెయిర్ అడగడం ఎన్నిసార్లు చూశానో. వచ్చినప్పుడు మాత్రం సూట్‌కేసులు వాళ్లే తోసుకుంటూ వచ్చారు.

ఇల్లు కూడా ఒకసారి పెద్దవాళ్ల కళ్లతో చూడండి. జీవితమంతా స్టూలు మీద కూర్చుని, చెంబుతో నీళ్లు పోసుకున్న మనిషిని మనం బాత్‌టబ్ గట్టు దాటి తడి తొట్టిలో నిలబడమంటున్నాం. గోడకు గట్టి పట్టుకడ్డీ బిగించి, లోపల ఒక ప్లాస్టిక్ స్టూలు, చేతి షవరు పెట్టడానికి ఒక శనివారం చాలు. మేం అమ్మ పడ్డాక పెట్టించాం. సాక్సులతో చెక్క ఫ్లోరు మీద నడవడం, జారే చిన్న తివాచీలు, రాత్రి మంచం నుంచి బాత్రూమ్ దాకా చీకటి, నేలకు జీరాడే నైటీ అంచు, లుంగీ అంచు, ఇవే ఎక్కువగా పడగొట్టేవి.

మాత్రల డబ్బా కూడా తెరిచి చూడాలి. బీపీ మాత్ర మోతాదు ఎక్కువైతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. కుర్చీలో ఉన్నప్పుడు, లేచి నిలబడ్డాక, రెండుసార్లు బీపీ చూడమని డాక్టర్ని అడగండి. నిద్ర పట్టడం లేదని స్టోర్లో కొనుక్కొచ్చే, పేరు చివర 'పీఎం' అని ఉండే మాత్రల్లో చాలావాటిలో మత్తు కలిగించే అలర్జీ మందు ఉంటుంది. 65 దాటినవాళ్లకు అది మంచిది కాదని వృద్ధుల వైద్యులు గట్టిగా చెబుతారు. ఇక బీ12. శాకాహారులకు అది తక్కువగా అందుతుంది, షుగర్‌కు ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్ ఉన్నదాన్ని కూడా తగ్గిస్తుంది. మన ఇళ్లలో ఈ రెండూ ఒకే మనిషిలో కలుస్తాయి. బీ12 తగ్గితే పాదాలు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది. "వయసు మీద పడింది" అని వదిలేస్తాం. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

తిండి మాట. మన కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. రాత్రికి "రెండు ఇడ్లీ చాలమ్మా" అనేస్తారు పెద్దలు. కండ నిలవాలంటే పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని నిపుణులు అంటున్నారు. 60 కిలోల మనిషికి 60 గ్రాముల పైమాటే. గరిటెడు పలచటి పప్పుతో, మజ్జిగతో అది రాదు. మనకు తెలియని వంట కూడా అక్కర్లేదు. 50 గ్రాముల పెసలు నానబోసి రుబ్బి పెసరట్టు వేస్తే 12 గ్రాములు వస్తాయి. గుప్పెడు వేరుశనగలకు ఏడు, కోడిగుడ్డుకు ఆరు. అన్నం సగం తగ్గించి, ముద్దపప్పు రెండింతలు చేసి, గట్టి పెరుగు వేసుకుంటే చాలా దూరం వస్తాం. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఇది చేయకూడదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ పనిచేసి ఉండకపోతే, 65 దాటి, ఐదేళ్లు వరుసగా ఇక్కడే ఉన్నాకే మెడికేర్, అంటే పెద్దవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, కొనుక్కోగలరు. అప్పటిదాకా వేరే బీమా లేకపోతే పడటం అంటే అప్పే. మెడికేర్ ఉన్నవాళ్లకు అందులో డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బీ అనే భాగంలో ఫిజికల్ థెరపీ ఉంది. పడేదాకా ఆగక్కర్లేదు. నడక తూలుతోందని చెప్పి డాక్టరు చేత రాయించుకోండి.

ఇప్పుడు ఇక్కడి మన తెలుగు సంఘం మాట. ఏటా ఉగాదికి పెద్దలను వేదిక మీదికి పిలుస్తాం. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, చేయి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెడతాం. బొబ్బట్లు, పులిహోర కంచాలు వాళ్ల దగ్గరికే తెచ్చిస్తాం. ఆ గౌరవం నాకు తెలుసు, నేనూ అందుకున్నాను. కానీ ఆ శాలువాల డబ్బుతో వారానికి రెండు రోజులు, గంటసేపు, ఒక ఫిజికల్ థెరపిస్టును సంఘం హాలుకు పిలవొచ్చు. మన సభ్యుల్లోనే ఆ చదువు చదివిన పిల్లలు ఎంతమంది లేరు?

పడకుండా ఉండటానికి తైచీ అనే నిదానమైన చైనా వ్యాయామం పనికొస్తుందని ఇక్కడి డాక్టర్లు చెబుతారు, మంచిదే. నేను మాత్రం కోలాటం అడుగుతున్నాను. పక్కకు అడుగు, వెనక్కి అడుగు, తిరగడం, వంగడం, ఎదుటి మనిషి కర్రను చూసి చెయ్యి కలపడం, పాట గుర్తుపెట్టుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కుర్చీ పట్టుకుని నిదానంగా వేస్తారు. మా అమ్మకు డజను కోలాటం పాటలు వచ్చు. ఆమె చేత ఒక్కటి కూడా ఇక్కడ ఆడించలేదు.

ఇక్కడి సీనియర్ సెంటర్లనూ మనం వదిలేసుకున్నాం. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ కింద 60 దాటినవాళ్లకు మధ్యాహ్న భోజనం, ఆటపాటలు ఉంటాయి, ఆదాయం ఎంతని అడగరు. చాలా ఊళ్లలో ఇంటి దగ్గరికి బస్సు కూడా వస్తుంది. మనవాళ్లు వెళ్లరు. భాష రాదు, పప్పన్నం ఉండదు, ఒక్కరే వెళ్లడానికి మొహమాటం. ఆరుగురు కలిసి వెళ్తే ఆ మొహమాటం ఉండదు. ఆరుగురిని కలపడం సంఘం చేయగల పని. మన హైస్కూలు పిల్లలు వాలంటీర్ గంటల కోసం వెతుక్కుంటూ ఉంటారు. పెద్దలు కుర్చీలోంచి లేస్తుంటే పక్కన నిలబడి తెలుగులో ఒకటి, రెండు అని లెక్కపెట్టమనండి.

కోడలితో నేను మాట్లాడాను. పొద్దున గిన్నెలు సర్దడం, ఉతికిన బట్టలు మేడ మీదికి మోయడం, పెరట్లో గోంగూర మడి, ఈ మూడూ నావి. మొదట బాధపడింది, అమ్మ ఫొటో చూపించి చెప్పాను. ఇప్పుడు బుట్ట బరువుగా ఉంటే సగం తీసేసి రెండుసార్లు మోయమంటుంది.

మన హాల్లో రెండు వందల కుర్చీలున్నాయి. మంగళవారం, గురువారం పొద్దున పది నుంచి పదకొండు దాకా హాలు ఖాళీగానే ఉంటుందని విన్నాను. కార్యవర్గం సరేనంటే తాళం నాకివ్వండి. మొదటి రోజు నేను ముందుగా వచ్చి కుర్చీలు గోడకు ఆనించి వేస్తాను.