జర్మన్ ఇక్కడే మొదలుపెట్టాలి

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా విదేశీ చదువుల కన్సల్టెన్సీల బోర్డుల మీద అమెరికా జెండా పక్కన ఇప్పుడు జర్మనీ జెండా కూడా కనిపిస్తోంది. ఫీజు ఉండదు, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్కోరుంటే చాలు, జర్మన్ అక్కర్లేదు అన్నది ఆ ప్రచార సారాంశం. అమెరికా 2025లో విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్నాళ్లు నిలిపేసింది. ఆ తర్వాత కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. దాంతో జర్మనీ మాట మన ఇళ్లలో ఇంకా గట్టిగా వినిపిస్తోంది. అక్కడ చదువుతున్న భారతీయులు 2023-24 నాటికే 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో చైనావాళ్లను మించి మనవాళ్లే ఎక్కువ. వారిలో తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు.

జర్మన్ అక్కర్లేదన్న మాటలో కొంత నిజముంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంగ్లిష్‌లో నడిచే మాస్టర్స్ కోర్సులు వందల్లో ఉన్నాయి. చాలాచోట్ల ట్యూషన్ ఫీజూ లేదు. అయితే బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. అడ్మిషన్‌కు జర్మన్ అక్కర్లేదన్నది నిజమే. కానీ పిల్లవాడు కొనుక్కుంటున్నది అడ్మిషన్ ఒక్కటే కాదు, ఆ దేశంలో కొన్నేళ్ల బతుకు. ఆ బతుకు మొదటి వారం నుంచీ జర్మన్‌లోనే నడుస్తుంది.

ఇల్లు దొరకగానే మున్సిపల్ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. తర్వాత ఆరోగ్య బీమా, బ్యాంకు, నివాస అనుమతి, పన్ను నంబరు వరసగా వస్తాయి. ప్రతి ఒక్కటీ పోస్టులో ఉత్తరంగా, జర్మన్‌లో, గడువు తేదీతో వస్తుంది. గుమాస్తా మొండితనం వల్ల అలా జరగడం లేదు. అక్కడి పరిపాలనా ప్రక్రియ చట్టం 23వ సెక్షన్ కార్యాలయ భాష జర్మన్ అని సూటిగా చెబుతోంది. కౌంటర్ వెనక ఉద్యోగికి ఇంగ్లిష్ వచ్చినా, మాట్లాడి తీరాలన్న నిబంధన లేదు.

అసలు చిక్కు డిగ్రీ చేతికొచ్చాక మొదలవుతుంది. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువిస్తారు. బెర్లిన్ స్టార్టప్‌లలో, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. కానీ జర్మనీ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక చిన్న పట్టణాల్లోని మధ్యస్థాయి కంపెనీలు. యంత్రభాగాలు, పంపులు, సెన్సర్లు తయారుచేసే ఆ సంస్థల్లో మీటింగ్ జర్మన్‌లో, సేఫ్టీ శిక్షణ జర్మన్‌లో, కస్టమర్ ఫోను జర్మన్‌లో. భాషా స్థాయిల్లో ఏ1 మొదటి మెట్టు, ఆ తర్వాత ఏ2, బీ1, బీ2, సీ1, చివరిది సీ2. అక్కడ బీ2 స్థాయి అడగడం మామూలు. మన మెకానికల్, ఆటోమోటివ్ విద్యార్థులు కలలు కనే కార్ల పరిశ్రమ ఇప్పుడు ఒడిదుడుకుల్లో ఉంది. 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకునే ఒప్పందాన్ని ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబరులో కార్మిక సంఘాలతో కుదుర్చుకుంది. ఉద్యోగాలు కుంచించుకుపోయే కాలంలో ఇద్దరు సమాన అభ్యర్థుల మధ్య భాషే తేడా తేలుస్తుంది. ఆ 18 నెలలు ఉద్యోగం వెతకడానికి ఇచ్చినవి. వాటిలో ఏ1 పుస్తకం తెరిచే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఈ విషయంలో ఇంజినీర్ల కంటే మన నర్సులకే ముందుచూపు ఎక్కువ. విదేశీ ఉద్యోగాలకు మనవాళ్లను పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఇక్కడే జర్మన్ శిక్షణ ఇప్పించి పంపుతోంది. జర్మన్ ప్రభుత్వ సంస్థలు నడిపే ట్రిపుల్ విన్ పథకంలో బీ1 దాకా స్వదేశంలోనే చదవాలి. అక్కడికి వెళ్లాక బీ2 సాధించి, అర్హతలకు గుర్తింపు తెచ్చుకున్నాకే పూర్తిస్థాయి నర్సు హోదా, ఆ హోదాకు తగ్గ జీతం. అప్పటిదాకా సహాయకురాలి పనే. వినడానికి కఠినంగా ఉన్నా ఈ నిబంధనలో న్యాయముంది. వృద్ధాశ్రమంలో ఎనభై ఏళ్ల బామ్మకు ఎక్కడ నొప్పో, ఎప్పటి నుంచో అర్థం కావాలి. పైగా ఆమె పుస్తకాల జర్మన్ మాట్లాడదు, బవేరియా యాసో స్వాబియా యాసో మాట్లాడుతుంది. షిఫ్టు మారేటప్పుడు చెప్పే నాలుగు మాటల్లో మందు మోతాదు ఉంటుంది. అందుకే అక్కడ డాక్టరుగా పనిచేయాలంటే వైద్య భాషలో సీ1 స్థాయి పరీక్ష పెడతారు. భాష తెలియని వైద్యం రోగికి ప్రమాదమని ఎవరికైనా ఇట్టే తడుతుంది. భాష తెలియని బతుకు మనిషికి ఎంత నష్టమో మాత్రం మనం అంత సులువుగా ఒప్పుకోం.

ఆ నష్టం ఎక్కువగా మోస్తున్నది ఇంటి ఆడపిల్ల. అల్లుడు ఇంజినీరు, ఉన్నత చదువులున్న విదేశీ నిపుణులకిచ్చే బ్లూ కార్డు మీద ఉద్యోగి. మన అమ్మాయి బీటెక్ చదివి, హైదరాబాద్‌లో మూడు నాలుగేళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక రాజీనామా ఇచ్చి బయల్దేరుతుంది. జర్మనీ 2007 నుంచి భార్యాభర్తల వీసాకు ఏ1 పరీక్ష తప్పనిసరి చేసింది. బ్లూ కార్డు ఉద్యోగుల భాగస్వాములకు మాత్రం మినహాయింపు ఉంది. అది సౌకర్యమని అందరూ సంతోషిస్తారు. నా దృష్టిలో మన అమ్మాయిల పాలిట అది కనబడని ఉచ్చు. వెళ్లిన మరునాటి నుంచే ఆమెకు ఉద్యోగం చేసే హక్కుంది. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగుల భాగస్వాములుగా హెచ్4 వీసా మీద వెళ్లిన వారు ఏళ్ల తరబడి ఎదురుచూసే హక్కు అది. అయినా ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. చట్టం తెరిచిన తలుపు భాష దగ్గర మూసుకుపోతుంది. భర్త రోజంతా ఆఫీసులో నలుగురితో మాట్లాడి వస్తాడు. ఆమె లోకం వీడియో కాల్‌కూ ఇండియన్ స్టోర్‌కూ కుదించుకుపోతుంది.

బిడ్డ పుట్టాక ఇంకో మలుపు. మూడేళ్ల పిల్ల కిండర్‌గార్టెన్‌లో చేరిన కొన్ని నెలలకే జర్మన్‌లో గలగలా మాట్లాడుతుంది. టీచరు చెప్పింది అమ్మకు వివరించేది ఆ పిల్లే. డాక్టరు దగ్గరా అంతే. తన ఒంట్లో బాధను పసిపిల్ల నోట చెప్పించుకోవాల్సి రావడం ఏ తల్లికైనా కష్టమే. మూడు నాలుగేళ్ల పని అనుభవం ఉన్న ఇంజినీరును ఈ స్థితికి తెచ్చింది ఆమె అసమర్థత కాదు. పెళ్లి చీరలు, వంట సామాన్లు, పచ్చళ్ల ప్యాకింగ్ గురించి నెలల పాటు ఆలోచించిన రెండు కుటుంబాల్లో ఒక్కరూ భాషా తరగతి గురించి అడగకపోవడమే. అక్కడికి చేరాక ప్రభుత్వం నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో చేరే అవకాశం చాలామంది భాగస్వాములకు ఉంటుంది. చంటిబిడ్డ లేని మొదటి నెలల్లోనే అది పూర్తి చేయాలి. తర్వాత వీలు చిక్కడం చాలా కష్టం.

ఆ కోర్సు వెనక జర్మనీ సొంత అనుభవం ఉంది. 1961లో తుర్కియేతో ఒప్పందం చేసుకుని లక్షలాది కార్మికులను గనులకూ ఫ్యాక్టరీలకూ రప్పించుకుంది. వారిని అతిథి కార్మికులన్నారు. కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోతారన్న లెక్కతో భాష నేర్పలేదు. వెళ్లిపోతామనే అనుకుని వాళ్లలో చాలామంది నేర్చుకోలేదు. 1973లో నియామకాలు ఆగాయి, మనుషులు మాత్రం ఉండిపోయారు. కుటుంబాలు వచ్చాయి, పిల్లలు పుట్టారు, బడిలో వెనకబడ్డారు. 2005లో వలస చట్టంతో పాటు 600 గంటల భాషా కోర్సు మొదలయ్యేదాకా దేశవ్యాప్తంగా సరైన ఏర్పాటే లేదు. రెండేళ్లు ఉండి వచ్చేస్తామనే మాట ఇవాళ మన పిల్లల నోటా వింటున్నాను. ఆ మాటకు ఒక తరం కట్టిన మూల్యం కళ్లముందే ఉంది.

గల్ఫ్‌తో పోల్చి చూడండి. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ పోయిన మన కూలీలు ఏ తరగతికీ వెళ్లకుండా హిందీ నేర్చారు, పనికి సరిపడా అరబ్బీ నేర్చారు. తెలుగువాళ్లకు భాషలు రావన్న మాట వారిని చూశాక ఎవరూ అనలేరు. కానీ ఎంత నేర్చినా, ఎన్నేళ్లు చెమటోడ్చినా ఆ దేశాల పౌరసత్వం వారికి దాదాపు అందని మాటే. జర్మనీలో భాషకు చట్టం విలువ కట్టింది. బ్లూ కార్డు ఉద్యోగికి ఏ1 ఉంటే 27 నెలలకు శాశ్వత నివాసం, బీ1 ఉంటే 21 నెలలకే. పౌరసత్వానికి నివాస గడువును 2024లో ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించారు, దానికీ బీ1 కావాలి. అక్కడి సమాజంలో ప్రత్యేకంగా బాగా కలిసిపోయినవారికి మూడేళ్లకే ఇచ్చే దారిని 2025 అక్టోబరులో మూసేశారు. భారత పౌరసత్వం వదులుకోవాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం. శాశ్వత నివాసం మాత్రం ఉద్యోగం పోయినా నిలబెట్టే భరోసా.

ఫోన్‌లో అనువాద యాప్‌లున్నాక ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగుతున్నారు. కరెంటు బిల్లు చదవడానికి యాప్ చాలు. ఇంటి యజమానితో వాదించడానికి, కాఫీ విరామంలో ఒకరితో స్నేహం కలుపుకోవడానికి అది చాలదు. ఇంకొందరు అడిగే ప్రశ్న బరువైంది: భాష నేర్చుకుంటే వివక్ష పోతుందా? పోదు. ఒంటి రంగు చూసి ఇల్లు ఇవ్వనివాడు వ్యాకరణం చూసి మనసు మార్చుకోడు. కానీ అన్యాయం జరిగినప్పుడు ఫిర్యాదు రాయడానికి, ట్రామ్‌లో అవమానించినవాడికి అక్కడికక్కడే బదులివ్వడానికి ఆ భాషే కావాలి. అందుకే వివక్షను తలుచుకుంటే నాకు భాష అవసరం ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్‌లలో ఉగాది, బతుకమ్మ జరుపుకునే తెలుగు సంఘాలున్నాయి. ఇంట్లో తెలుగు నిలవడానికి అవి కావాలి. జర్మన్ నేర్చుకోవడానికి తెలుగు అడ్డు కాదు, పైగా కొంత సాయం. ఉపవాక్యంలో క్రియ చివరికి పోవడం ఇంగ్లిష్ ఒక్కటే తెలిసినవారిని తికమక పెడుతుంది, మనకు అది పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎవరిని నువ్వనాలి, ఎవరిని మీరనాలి అన్న తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంటిగ్రేషన్ కోర్సు లెక్కలో బీ1కి 600 పాఠాలు, ఒక్కోటి 45 నిమిషాలు. రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఏడెనిమిది నెలల పని. మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కూ, అడ్మిషన్‌కూ, వీసాకూ ఎదురుచూసే కాలంలో చాలా భాగం ఇక్కడే అయిపోతుంది. వీసా కోసం జీవన ఖర్చులు ముందే జమచేసే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించడానికి అప్పు చేసే కుటుంబానికి భాషా తరగతి ఖర్చు అందులో కొద్ది భాగమే. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె సెంట్రమ్ ఉంది, తార్నాకలో భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. వరంగల్, తిరుపతి, కాకినాడ పిల్లలకు అంత దగ్గరలో ఏముంది? నర్సుల కోసం టామ్‌కామ్ చేస్తున్న పనిని రెండు రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాలు ఇంజినీరింగ్ విద్యార్థులకూ విస్తరించాలి. మూడో ఏడాదిలో జర్మన్‌ను క్రెడిట్లున్న ఐచ్ఛిక సబ్జెక్టుగా పెట్టాలి, పరీక్ష ఫీజులో కొంత ప్రభుత్వం భరించాలి. పెళ్లయి వెళ్లే అమ్మాయిలకు సాయంత్రం తరగతులు జిల్లా కేంద్రాల్లో వేరుగా నడపాలి. జర్మనీ 2024లో మన నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించింది. తరగతులు మొదలుపెట్టాల్సిన సమయం ఇదే.