సవరణ: టీసీపీ పెడితే మెయిల్ లాగ్ పోదన్న మాట

మెయిల్ సర్వర్ లాగ్‌లను (ఏ మెయిల్ ఏమైందో రాసే రికార్డు లైన్లు) సెంట్రల్ మెషీన్‌కు యూడీపీ (చేరిందో లేదో చూడకుండా పంపే పద్ధతి) 514 పోర్ట్ బదులు టీసీపీలో (దారిలో పోయినదాన్ని మళ్లీ పంపే పద్ధతి) పంపితే ఒక్క లైనూ పోదని, వరుస కూడా తప్పదని మొన్నటి పోస్టులో రాశాను. రెండూ తప్పే.

యూడీపీలో పోయినంత తేలిగ్గా పోవు, అంతవరకు నిజం. కానీ లాగ్ లైన్లు పంపే మామూలు పద్ధతి సిస్‌లాగ్‌లో అవతలి ప్రోగ్రామ్ 'అందింది' అని తిరిగి చెప్పదు. కనెక్షన్ హఠాత్తుగా తెగితే, పంపే మెషీన్ బఫర్‌లోకి వెళ్లిన లైన్లు చేరాయనే ఆర్‌సిస్‌లాగ్ (లాగ్‌లు పంపే ప్రోగ్రామ్) అనుకుంటుంది, అవి కాస్తా గాల్లో కలిసిపోతాయి. రసీదు కావాలంటే రెల్ప్ (RELP, అందిన లైన్లకు రసీదు ఇచ్చే పద్ధతి) వాడాలి, దానికి తోడు డిస్క్ క్యూ (పంపాల్సిన లైన్లను డిస్క్‌లో దాచిపెట్టేది) కూడా పెట్టుకోవాలి. ఇదంతా ఆర్‌సిస్‌లాగ్ డాక్యుమెంటేషన్‌లో ఉన్నదే, నేనే సరిగ్గా చూడకుండా రాశాను.

ఇక వరుస సంగతి. మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్‌ఎమ్‌టీపీడీ (మెయిల్ అందుకునేది), క్లీనప్ (దాన్ని క్యూలో పెట్టేది), క్యూఎమ్‌జీఆర్ (క్యూను నడిపేది) వేర్వేరు ప్రాసెస్‌లు, ఎవరి లైను వాళ్లే రాస్తారు. సిస్‌లాగ్ పాత ఫార్మాట్‌లో టైమ్ సెకను వరకే ఉంటుంది కాబట్టి ఒకే సెకనులో పడ్డ లైన్లలో ఏది ముందో టైమ్ చూసి తేల్చలేం, పైగా ఆర్‌సిస్‌లాగ్ క్యూలో ఒకటి కంటే ఎక్కువ వర్కర్ థ్రెడ్‌లుంటే (ఒకేసారి లైన్లు రాసేవి) 'రిమూవ్డ్' (క్యూలోంచి తీసేశాం) లైను 'సెంట్' (పంపేశాం) లైనుకు పైన కనిపించినా ఆశ్చర్యం లేదు. మెయిల్ పోయిందని టెన్షన్ పడకుండా క్యూ ఐడీతో (ప్రతి మెయిల్‌కూ పోస్ట్‌ఫిక్స్ ఇచ్చే గుర్తు) గ్రెప్ కొట్టండి, అంటే ఆ గుర్తున్న లైన్లన్నీ వెతకండి. పొట్టి ఐడీలు మళ్లీ వాడుకలోకి వస్తుంటాయి, అందుకని పోస్ట్‌ఫిక్స్ 2.9 నుంచి ఉన్న పొడుగు ఐడీల సెట్టింగ్ ఆన్ చేసుకోవడం మేలు.