లెక్కలోకి వచ్చిన పరుగు

2022 అక్టోబరులో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి బెంగళూరు కంఠీరవ స్టేడియంలో వంద మీటర్ల హర్డిల్స్ (అడ్డుగా పెట్టిన చట్రాల మీదుగా దూకుతూ పరుగెత్తే పందెం) 12.82 సెకన్లలో పూర్తి చేసింది. రికార్డుల ప్రకారం పదమూడు సెకన్ల లోపు పరుగెత్తిన మొదటి భారతీయ మహిళ ఆమే. మనం ఆదివారం నడకకు వెళ్లే కబ్బన్ పార్కు పక్కనే ఇదంతా. నాకు తెలిసి బెంగళూరులోని మన తెలుగు సంఘం నుంచి ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

హర్డిల్ ఎత్తు దాదాపు 84 సెంటీమీటర్లు, మన వంటింటి గట్టంత. అలాంటివి పది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, మూడే అంగల్లో దాటాలి. ఇంత చేసినా ఒక్కోసారి జాతీయ రికార్డు లెక్కలోకి రాదు. 2020లో మూడబిదిరెలో ఆమె 13.03 పరుగెత్తితే, డోప్ పరీక్ష లేదు, అథ్లెటిక్స్ సమాఖ్య ప్రతినిధి లేడని కొట్టేశారు. 2022లోనే కోజికోడ్‌లో 13.09 వస్తే, వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లట. హద్దు 2.0, అది దాటితే రికార్డు కాదు. రెండుసార్లూ ఆ పిల్ల తప్పేం లేదు. మళ్లీ వెళ్లి పరుగెత్తింది, అంతే.

తర్వాత 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారం, ఆసియా క్రీడల్లో వెండి, 2024లో పారిస్ ఒలింపిక్స్. ఇవన్నీ పేపర్లలో చదివాం, వాట్సాప్‌లో చప్పట్లు కొట్టాం.

తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలోనూ ఆస్పత్రిలోనూ పని చేసేది. ఆ ఇంట్లో పరుగు మాన్పించడానికి కావలసినన్ని కారణాలున్నాయి, మాన్పించలేదు. మా ఇంట్లో ఒక్కటే ఉంది: ట్యూషన్ టైమ్ కుదరలేదు. ఎనిమిదో తరగతిలో మా అమ్మాయి చేత నేనే మాన్పించాను. దాని స్పైక్స్ బూట్లు ఇంకా చెప్పుల స్టాండులో ఉన్నాయి, సైజు ఇప్పుడు సరిపోదు. మా ఒక్క ఇంటి సంగతే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మన సంక్రాంతి ఆటల్లో ఆరో తరగతి ఆడపిల్లల పరుగు పందానికి లైన్లు చాలవు, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పేర్లిచ్చేవాళ్లే ఉండరు.

పతకం వచ్చాక శాలువా కప్పడం తేలిక. ఎవరికి వచ్చినా కప్పుతాం, ఫొటో దిగుతాం (నేనూ దిగాను, ముందు వరసలో). ఈ ఏడాది శాలువాలూ జ్ఞాపికలూ మానేసి, ఆ డబ్బుతో ఇద్దరు అమ్మాయిలకు ఏడాది కోచింగ్ ఫీజు, ఉదయం ఐదున్నరకి ఆటో ఖర్చు కడదామని వచ్చే కమిటీ మీటింగులో అడగబోతున్నాను. నవ్వేవాళ్లు నవ్వనీండి. ఇద్దరిలో ఒకమ్మాయి తొమ్మిదో తరగతి అయ్యుండాలి, అదొక్కటే నా షరతు.