మా అత్తగారు 6 బస్తాలు, తరుగు పోను 5

ఈ వ్యాసాన్ని నవ్వకుండా రాస్తున్నాను. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, మీకేం నష్టం లేదు. నాకొస్తే మాత్రం మోకాళ్లు సడలిపోతాయి. మాటవరసకి అంటున్నది కాదు. ముందు దవడ జారుతుంది, తర్వాత మెడ, తర్వాత మోకాళ్లు, ఆ వెనకే నేను. దీన్ని డాక్టర్లు కాటాప్లెక్సీ అంటారు, మా బంధువులు మందు అంటారు. వ్యంగ్యం రాసుకునేవాడికి నవ్వితే కూలబడే జబ్బు ఇచ్చిన దేవుణ్ణి నాలుగు మాటలు అడుగుదామంటే, ఆయన మా నెల్లూరులోనే, రంగనాయకులపేట రంగనాథస్వామి గుడిలో పడుకుని ఉన్నాడు. పడుకున్నవాళ్లని లేపడం ఎంత పాపమో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అసలు జబ్బు పేరు నార్కోలెప్సీ. నవ్వితే పడిపోవడం దానికి తోకలాంటిది. తల ఏమిటంటే, పగలంతా నిద్ర. రెండు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా పెళ్లిపనులు చేసి, మూడోరోజు పొద్దున పద్దు పుస్తకం ముందు కూర్చుంటే ఎట్లా ఉంటుందో, నాకు రోజూ తొమ్మిదిన్నరకల్లా అట్లా ఉంటుంది. అదీ రాత్రి ఎనిమిది గంటలు మంచం మీద గడిపి వచ్చాక. పోనీ ఆ రాత్రి నిద్రైనా సరిగ్గా ఉంటుందా అంటే, ఎండాకాలం కరెంటులాగా గంటకోసారి పోయి వస్తుంటుంది.

ఇక్కడ నాకు జరుగుతున్న అన్యాయాన్ని ప్రజల దృష్టికి తేవాల్సి ఉంది. పెన్న ఒడ్డున ఉన్న ఆ గుడి పేరు తల్పగిరి. తల్పం అంటే పడక. ఆదిశేషుడే కొండై స్వామికి పడకగా అమరాడని స్థలపురాణం. అంటే ఊరి పెద్దదేవుడు పడుకుని ఉంటాడు, ఆ పడుకున్న చోటుకి పడక అనే పేరే పెట్టుకున్నాం, పడుకున్న భంగిమకే హారతులిస్తున్నాం. అదే ఊళ్లో, అదే భంగిమలో, అదీ ఒక ఇరవై నిమిషాలు నేను ఒరిగితే బద్ధకస్తుణ్ణయ్యాను. ఈ తేడా ఏమిటని మా మేనమామను అడిగాను. ఆయన ప్రతి శనివారం గుడికి పోయే మనిషి. తడుముకోకుండా చెప్పాడు: "ఆయనది యోగనిద్ర అబ్బయ్యా. నీది రోగనిద్ర."

ఆ రోజు కూడా కూలబడ్డాను.

మా ఊళ్లో "నాక్కూడా" సంఘం అని ఒకటుంది. రిజిస్టరు కాలేదు గానీ సభ్యత్వం లక్షల్లో ఉంటుంది. నా జబ్బు సంగతి సగం చెప్పేసరికి ఎదుటి మనిషి చెయ్యి పైకెత్తి, "నాక్కూడా అంతే సామీ, మధ్యాహ్నం తింటే చాలు, కళ్లు మూసుకుపోతుండాయి" అంటాడు. మామిడికాయ ముక్కలేసి, రాత్రి కాచి పొద్దున దాకా మట్టికుండలో ఉంచిన చేపల పులుసు, దానికింద ఒకటికి రెండు మార్లు పెట్టించుకున్న అన్నం... ఇంత తిని కూడా నిద్ర రాని మనిషి ఉంటే అతన్నే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ సంఘంలో సలహాల విభాగం ఒకటి పనిచేస్తుంటుంది. పొద్దున్నే నడువు, రాత్రిపూట ఫోను చూడమాక, కాఫీ ఇంకో గ్లాసు తాగు. కాఫీ తాగుతూ నిద్రపోయి చొక్కా కాల్చుకున్న వైనం చెప్తే, "అయితే చల్లార్చుకుని తాగు" అన్నారు.

ఇంకొందరు కుంభకర్ణుడు అంటారు. దీన్ని సాంకేతిక కారణాల మీద ఖండిస్తున్నాను. కుంభకర్ణుడిది వాయిదాల్లేని నిద్ర. ఆర్నెల్లు ఏకబిగిన పడుకోగలిగినవాణ్ణి చూస్తే నాకు కుళ్లు. పైగా అతన్ని లేపింది యుద్ధానికి. వడ్ల లెక్క రాయమని లేపి ఉంటే ఏం చేసేవాడో చూడాల్సింది.

నేను చేసేది అదే. ఊరి బయట ఒక బియ్యం మిల్లులో గుమస్తాను. ఈ జబ్బులో ఒక విచిత్రం ఉంది: మనిషి నిద్రపోతాడు గానీ చెయ్యి పని మానదు. అంట్లు తోమేవాడు తోముతూనే ఉంటాడు, రాసేవాడు రాస్తూనే ఉంటాడు. ఏం రాస్తున్నాడన్నది మాత్రం ఆ చేతికే తెలియాలి. ఒక వేసవి మధ్యాహ్నం నేను రాసిన పుట ఒకటి మా యజమాని ఇప్పటికీ బీరువాలో దాచిపెట్టుకున్నాడు. మొదటి మూడు వరుసలు ముత్యాల్లా ఉంటాయి. మసూరా వడ్లు 14 పుట్లు (మా నెల్లూరు పుట్టి 850 కిలోలు, లెక్క తప్పలేదు), తవుడు 22 బస్తాలు, నూకలు 9. నాలుగో వరుస నుంచి అక్షరాలు గట్టు తెగిన కాలవలా కుడివైపు కిందికి జారడం మొదలవుతుంది. "వాన 3 బస్తాలు." దానికింద: "మా అత్తగారు 6 బస్తాలు, తరుగు పోను 5." ఆ తర్వాత ఒక పొడుగాటి గీత. గీత చివర సిరా మడుగు.

"ఏమయ్యా, తరుగు ఎట్ట తీశావు?" అన్నాడు యజమాని. ఆయన కోపగించుకోలేదు. లెక్క మాత్రం సరిగ్గానే ఉండాదన్నాడు. ఈ సంగతి మా ఇంటావిడకి ఇంతవరకు తెలియదు. ఇక తెలుస్తుంది.

కావలి పెళ్లి గురించి కూడా చెప్పాలి. పంక్తిలో నా పక్కన మా బాబాయి కూర్చున్నాడు. పెళ్లికొడుకు పంచె గురించి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇక్కడ రాయను, గుర్తొస్తే కలం జారుతుంది. నేను విస్తరి పక్కకి ఒరిగిపోయాను. ఈ ఒరగడంలో అసలు శిక్ష ఏమిటంటే, ఒళ్లు చచ్చుబడినా తెలివి ఉంటుంది, చెవులు మునుపటికంటే బాగా వినపడతాయి.

"పొద్దన్నే కొట్టుండాడా?"

"వాళ్ల నాయన కూడా ఇంతేలే." (మా నాయన జన్మలో సోడా తప్ప తాగలేదు.)

"పిల్లనిచ్చినోళ్లు చూస్తుండారు, పక్కకి లాగండబ్బా."

"ముందు ఆ విస్తరి తియ్యండి, సాంబారు చొక్కాకవతాది." ఈ చివరి మాట నేను అగ్నిసాక్షిగా కట్టుకున్న మనిషిది.

నిమిషం లోపే లేచి కూర్చుని పెరుగన్నం వడ్డించుకున్నాను. తాగినవాడు అంత శుభ్రంగా పెరుగన్నం దాకా వస్తాడా అని ఒక్కరికీ తోచలేదు. కావలిలో నాకు ఇప్పటికీ ఆ పేరే ఉంది.

తెల్లవారుజాము కథ వేరు. కళ్లు తెరుచుకుంటాయి, ఒళ్లు కదలదు, గది మూల ఎవరో నిలబడి చూస్తుంటారు. ఇది విని మా అమ్మ నన్ను కసుమూరు దర్గాకి తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఫలితం లేదనను. ఇప్పుడా మనిషి నన్ను చూడటం మానేసి తాయెత్తును చూస్తున్నాడు.

ఇట్లా పదకొండేళ్లు బద్ధకస్తుడు, తాగుబోతు, దెయ్యం పట్టినవాడు అనే మూడు ఉద్యోగాలు ఒంటిచేత్తో చేశాక, నెల్లూరు మనిషి చివరికి ఏం చేస్తాడో అదే చేశాను. మద్రాసు పోయాను.

అక్కడ ముందుగా ఒక కాగితం ఇచ్చారు. 1991లో మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ అనే వైద్యుడు తయారుచేసిన ఎప్‌వర్త్ పట్టిక అట. ఎనిమిది సందర్భాలు ఇచ్చి, ఒక్కోదానిలో కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోమంటారు. మొత్తం 24. పది దాటితే ఆలోచించాల్సిందే. నాకు 21 వచ్చాయి. "ఎదురుగా కూర్చుని ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు" అన్న ప్రశ్న దగ్గర కొంచెం ఆగాను. మా బావమరిదితో అయితే మూడు, మిగతా ప్రపంచంతో ఒకటి. సగటున రెండు వేశాను. "సభలో కదలకుండా కూర్చున్నప్పుడు" అన్నది మాత్రం మన దగ్గర చెల్లదని డాక్టరుకి చెబుదామనుకున్నాను. మా టౌన్‌హాల్లో ఏ సన్మాన సభకైనా వచ్చి చూడండి. కింద కుర్చీలో కళ్లు మూసుకున్నవాడు నిద్రపోతున్నట్టు, వేదిక మీద కళ్లు మూసుకున్నవాడు ఆలోచిస్తున్నట్టు. శాలువా కప్పితే అది ధ్యానం.

రాత్రి నెత్తికి జిగురు పూసి వైర్లు అంటించి పడుకోబెట్టారు. అది మామూలే. అసలు వైభవం మర్నాడు. పొద్దున నుంచి రెండు గంటలకోసారి, ఐదుసార్లు, చీకటి గదిలో పడుకోబెట్టి ఇరవై నిమిషాలు టైమిస్తారు. ఎంతసేపట్లో నిద్రపడుతుందో చూస్తారు. సగటు ఎనిమిది నిమిషాల్లోపు ఉండి, కనీసం రెండుసార్లు పడుకున్న వెంటనే కలల నిద్రలోకి పోతే జబ్బు ఖాయమైనట్టే. తలుపు దగ్గర నిలబడి ఒక కుర్రాడు మెత్తగా "తూంగుంగ సార్" అనేవాడు. మనం తూగు అంటాం, వాళ్లు తూంగు అంటారు. ఏ భాషలోనైనా సరే, నా జీవితంలో నన్ను పడుకోమని బతిమాలిన మొదటి మనిషి అతను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకునే లోపే నిద్రపట్టింది. సగటు రెండున్నర నిమిషాలు, ఐదింటిలో నాలుగుసార్లు కలలు. టెన్త్‌లో లెక్కలు మూడుసార్లు రాసిన నాకు ఒక పరీక్షలో ఇంత పేరు రావడం అదే మొదలు.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. కలగనేటప్పుడు మెదడు కండరాలకి తాళం వేస్తుందట, లేకపోతే కలలో పరుగెత్తేవాడు మంచం దిగి ట్రంకు రోడ్డు మీద పరుగెత్తుతాడు. నాకా తాళం వేళాపాళా లేకుండా పడుతోంది. నవ్వితే పడుతుంది, లేచాక కూడా ఊడి రాదు. కారణం, మెదడు లోపల హైపోథాలమస్ అనే చోట మెలకువను నిలబెట్టి ఉంచే రసాయనం తయారుచేసే కొద్దిపాటి కణాలు నాశనం కావడం. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే వాటిని తిన్నదని అనుమానం. ఆ రసాయనాన్ని 1998లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టి, ఒకే బిడ్డకి ఇద్దరు తాతలు పేరు పెట్టినట్టు ఒకరు హైపోక్రెటిన్ అన్నారు, ఒకరు ఒరెక్సిన్ అన్నారు. ఒరెక్సిన్ అన్నది ఆకలి అనే గ్రీకు మాట నుంచి వచ్చిందట. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని ఆకలినీ నిద్రనీ ఒకే తాటికి కట్టిన మా అమ్మమ్మకి మాత్రం ఎవరూ ఏ బిరుదూ ఇవ్వలేదు.

జబ్బుకి నార్కోలెప్సీ అనే పేరు 1880లో జెలినో అనే ఫ్రెంచి వైద్యుడు పెట్టాడు. ఆయన దగ్గరికొచ్చిన రోగి ద్రాక్షసారా పీపాల వర్తకుడు. పాపం, సారా పీపాల మనిషి నవ్వి కూలబడితే వాళ్ల ఊరివాళ్లు ఏమనుకుని ఉంటారో నేను చెప్పగలను. వాళ్లకీ ఒక కావలి ఉండే ఉంటుంది.

ఇప్పుడు పొద్దున మొడాఫినిల్ మాత్ర వేసుకుంటున్నాను. దానితో నిద్ర పోదు, కోర్టు కేసులాగా వాయిదా పడుతుంది. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు తప్పనిసరిగా పడుకోమని డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు. మా యజమాని ఆ చీటీ చదివి, తవుడు బస్తాల వెనక చోటు చూపించాడు. అక్కడ అన్నం తిన్నాక హమాలీలు ఎప్పట్నుంచో పడుకుంటున్నారు, ఏ చీటీ లేకుండానే. ఆ సభలో నాకు గౌరవ సభ్యత్వం ఇచ్చారు.

రైలు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఒంగోలులో పినాకిని ఎక్కి నెల్లూరులో దిగాల్సినవాణ్ణి గూడూరులో రెండుసార్లు, మద్రాసులో ఒకసారి లేచాను, జరిమానా కట్టాను. కానీ జిల్లాల గీతలు మార్చినప్పుడు కందుకూరులో ఉన్న మా పెద్దమ్మ కొడుకు 2022 ఏప్రిల్ 3 రాత్రి ప్రకాశం జిల్లాలో పడుకుని, 4వ తేదీ పొద్దున నెల్లూరు జిల్లాలో లేచాడు. ఆయన్ని ఎవరూ జరిమానా అడగలేదు.

మొన్న మొహర్రానికి మా ఇంటావిడ బారాషహీద్ దర్గాకి రొట్టెల పండక్కి లాక్కుపోయింది. తెలియనివాళ్లకి: కోరిక తీరినవాళ్లు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు, తీరాక తిరిగొచ్చి మళ్లీ ఒకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, విదేశాల రొట్టె, అన్నీ ఉన్నాయి. మోకాలిలోతు నీళ్లలో నిలబడి "మెలకువ రొట్టె ఎవరి దగ్గరన్నా ఉండాదా?" అని అడుగుతూ పోయాను. వీసా రొట్టె ఇచ్చే కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు.

ఒక పెద్దావిడ మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "నాయనా, నాకు నాలుగేండ్లుగా నిద్ర లేదు. నిద్ర రొట్టె కోసం పొద్దన్నుంచి తిరుగుతుండా."

మా ఇంటావిడ ముందుకొచ్చి, "ఈయన చేత్తో ఇప్పిస్తా తీసుకో పెద్దమ్మా, మా ఇంట్లో అదొక్కటే కొదవ లేనిది" అంది.

ఇచ్చాను. పెద్దావిడ రొట్టె కళ్లకద్దుకుని, "నిద్ర పట్టిందనుకో, వచ్చే ఏడు నీ రొట్టె నీకే తెచ్చిస్తా నాయనా" అంది.

వద్దు తల్లీ, అది నాకు తిరిగి తేవద్దు అని చెప్పబోయాను. చెప్పేలోపే నవ్వొచ్చింది. దవడ, మెడ, మోకాళ్లు. మా ఇంటావిడ చొక్కా కాలరు దొరకబుచ్చుకుంది గాబట్టి మునగలేదు. చుట్టూ జనం ఒక్కసారిగా గుమిగూడారు. పూనకం వచ్చిందని ఎవరో అన్నారు, నలుగురు చేతులు జోడించారు, ఒకాయన తన బిడ్డని తెచ్చి నా తడిసిన చెయ్యి వాడి నెత్తి మీద పెట్టించుకున్నాడు. కావలి పంక్తికీ ఈ చెరువుకీ మధ్య మారింది చోటొక్కటే. ఈ సందట్లో ఎవరో నా రెండో చేతిలో ఒక రొట్టె పెట్టి వెళ్లిపోయారు. ఏ రొట్టె అని అడుగుదామంటే నాలిక తిరగలేదు.

ఇంటికొచ్చి చెరిసగం తిన్నాం. ఉప్పు కొంచెం ఎక్కువైంది.