బావా, దానికి గూడే లేదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. మొదట కంచిలి నుంచి మా బావ పంపాడు. నిన్న రాత్రి, చిన్నప్పుడు నాకు సైన్సు చెప్పిన మాస్టారే పంపారు. ఇంక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ ఇదీ: "ఉద్దానం జీడితోటల్లోకి చైనా నుంచి కొత్త రకం విషపు తేనెటీగ వచ్చింది. మూతికి అంగుళం సూది ఉంటుంది. కుడితే గంటలో ప్రాణం పోతుంది. తేనెటీగల గూళ్లలో గుడ్లు పెట్టి వాటి పిల్లల్ని తినేస్తుంది. కనబడితే గూడు వెతికి తగలబెట్టండి. పదిమందికి పంపండి." కింద రెండు ఫొటోలు. ఒకటి బొచ్చు ఒంటిది. రెండోది సన్న నడుముది, అది దాని మగదట.

చైనా సంగతి వదిలేద్దాం. ఏ వింత పురుగు కనబడినా మనవాళ్లకి చైనాయే గుర్తొస్తుంది.

కొత్తదా? మొదటి ఫొటోలో రెక్క ముందంచు పొడుగునా ముదురు గోధుమరంగు, వెనకభాగం గాజులా ఉంది. ఐరోపాలో చలి తగ్గగానే పెరటి పూల మీద తిరిగే బాంబీలియస్ మేజర్ అనే పురుగు అచ్చం ఇలాగే ఉంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దానికి పేరు పెట్టింది 1758లో. పైగా ఫొటోలో ఉన్నది జీడిపువ్వు కాదు. జీడిచెట్ల నీడన పుట్టి పెరిగిన మా బావకి ఆ ఒక్క సంగతి తట్టలేదు!

అంగుళం సూది అంటున్నారు. ఆ ప్రాణి ఒళ్లంతా కొలిచినా సెంటీమీటరున్నర దాటదు. తేనెటీగకి ముల్లు ఉండేది తోక దగ్గర, మూతి దగ్గర కాదు. మరి జోరీగ మూతితోనే కరుస్తుంది కదా అంటారేమో. నిజమే, కరుస్తుంది. కానీ దీని తొండం తేనె తాగడానికే. ఇది తేనెటీగ వేషం వేసిన ఈగ. బీ ఫ్లై అంటారు. దీనికి ముల్లూ లేదు, విషమూ లేదు.

రెండో ఫొటో దగ్గర మాత్రం నేనూ బోల్తా పడ్డాను. అది నెట్‌లోంచి తీసింది కాదు, బావ తన తోటలో తానే తీసి మెసేజ్‌కి తగిలించాడు. చూడగానే "కందిరీగ, పో" అన్నాను. కందిరీగకి నాలుగు రెక్కలు, ఈగకి రెండే. లెక్కపెడితే తేలిపోతుందనుకున్నాను గానీ, కందిరీగ వెనక రెక్కలు ముందు రెక్కలకి కొక్కేల్లా తగులుకుని ఉంటాయి. ఫొటోలో నాలుగూ రెండులాగే కనబడతాయి. పెద్దది చేసి చూస్తే రెక్క మొదట్లో, కొంచెం వెనగ్గా, గుండుసూది తలలాంటి బుడిపె ఒకటి కనబడింది. అది ఈగల గుర్తు. ముందుకు చాచిన పొడుగు తొండమూ ఉంది. ఇది సిస్ట్రోపస్ పోలిక. బీ ఫ్లైల్లోనే కందిరీగ వేషం వేసే రకం. మొదటిదానికి ఇది మొగుడు కాదు గదా, మేనరికం కూడా కుదరదు. దీని పిల్లలు పెరిగేది మనం ముట్టుకుంటే భగ్గున మండే ముళ్ల గొంగళిపురుగుల ఒంట్లో. కొబ్బరాకు తినే పురుగుల్లో అవీ ఉన్నాయి. అంటే బావా, నీ శత్రువుని తినేదాన్ని చంపమని ఊరంతా చాటుతున్నావు.

ఇప్పుడొకటి ఒప్పుకోవాలి. తేనెటీగల పిల్లల్ని తింటుందన్న మాట పూర్తి అబద్ధం కాదు. బొచ్చు రకంలో ఆడది తోక చివరి సంచిలో మన్ను నింపుకుని, ఆ మన్ను గుడ్లకి అద్ది, గాల్లోనే నిలబడి, నేలమీది కన్నాల్లోకి విసురుతుంది. లోపల ఒంటరిగా బతికే తేనెటీగల పిల్లలుంటాయి. వాటిని తిని ఈ ఈగ పిల్ల పెరుగుతుంది. మెసేజ్ రాసినవాడు ఇదెక్కడో చదివాడు. చదివి చెట్టుమీది తేనెపట్టుకి అంటగట్టాడు.

ఇక "గూడు వెతికి తగలబెట్టండి". నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఈ ఈగకి గూడు లేదు. కట్టదు. మరి గూడు వెతకడానికి కాగడా పట్టుకుని బయల్దేరినవాడికి ఏం దొరుకుతుంది? కొమ్మకి వేలాడుతున్న పెద్ద తేనెపట్టు దొరుకుతుంది. పోయినేడాది మా వీధి చివర రావిచెట్టు మీది పట్టుకి ఎవరో పొగపెట్టారు. పెట్టినవాడు పరిగెత్తి తలుపేసుకున్నాడు. ఆ దారిన పాలకేను పట్టుకు వస్తున్న ముసలాయన మొహం గుమ్మడికాయంత అయింది, మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కుట్టని ఈగకి భయపడి కుట్టే తేనెటీగల్ని లేపడమంటే ఇదే. పోనీ పట్టు దొరక్క పూతమీద మందు కొట్టారనుకోండి, జీడిపూతమీద తిరిగే తేనెటీగలూ ఈగలూ అన్నీ పోతాయి. పిందె పడకపోతే అప్పుడు ఏ చైనాని తిడతారు?

పదిమందికి పంపమన్నారు కదా, ఇది పంపాను. మా మాస్టారితో సహా.

బావా, ఆ రెండో ఫొటో కత్తిరించకుండా మళ్లీ పంపు. రెక్క నరాలు సరిగ్గా కనబడటం లేదు. ఈసారి పక్కనుంచి తియ్యి, తల దగ్గరగా వచ్చేటట్టు. భయపడకు, అదేం చెయ్యదు.