గొంతు దొరికినంత మాత్రాన పాట మనదైపోదు

చెన్నైలో ఉండే తెలుగువాళ్లలో ఎగ్మోర్ మ్యూజియం చూడనివాళ్లు తక్కువ. 1885లో దానికి సూపరింటెండెంటుగా వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. మనుషుల్ని నిలబెట్టి తలలు, ముక్కులు కొలిపించాడు. ఫోనోగ్రాఫ్ (గొంతును మైనపు సిలిండర్ మీద పట్టే ఆనాటి యంత్రం) పెట్టి తెగల పాటలు కూడా రికార్డు చేయించాడు.

ఇలాంటి వలస పాలన నాటి దస్త్రాల నుంచి కొత్త సంగీతం కట్టడం మంచి పనే. బీరువాల్లో మగ్గడం కంటే వినపడటమే నయం. కానీ కాగితాన్నీ గొంతునీ ఒకేలా వాడుకోవడానికి నేను ఒప్పుకోను.

1860 అక్టోబరు 12న ‘ట్రూరో’ ఓడ 342 మందితో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు బయల్దేరింది. అలా వెళ్లిన కూలీల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. వాళ్లలో తెలుగువాళ్లూ ఎందరో. ఓడలో ఏం పాడుకున్నారో మాత్రం ఆ జాబితాలు చెప్పవు. అక్కడ స్వరకర్తకు పూర్తి స్వేచ్ఛ ఉంది. ఆ పేర్లనే పల్లవిగా, ఊళ్ల పేర్లనే చరణాలుగా కట్టుకోవచ్చు.

రికార్డయిన గొంతు సంగతి వేరు. ఆనాటి మైనపు సిలిండర్‌లో పట్టేది దాదాపు రెండు నిమిషాలే. రాత్రంతా సాగే పాటైనా ఫోనోగ్రాఫ్ బూర ముందు అక్కడికే తెగిపోవాలి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో గరగర తీసేసి, నాలుగు సెకన్ల ముక్కను లూప్ చేసి, కింద బీట్ వేస్తే వినడానికి బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ పాట ఎక్కడ తెగిందో ఇక ఎవరికీ తెలియదు. నా మటుకు ఆ తెగిన చోటే అసలు సరుకు. పాతది అక్కడ ఆగిందని వినపడాలి, ఆ తర్వాతే కొత్తది మొదలవ్వాలి.

‘పబ్లిక్ డొమైన్ కదా, కాపీరైట్ తీరిపోయింది’ అంటారు. నిజమే, మన చట్టం ప్రకారం విడుదలైన రికార్డుకు 60 ఏళ్లే కాపీరైట్. అయితే దొరగారు పాడమంటే కాదనగలిగే స్థితిలో ఆనాడు ఎంతమంది ఉన్నారు? చట్టం ఆ లెక్క చూడదు, మనం చూడాలి. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఇప్పటి శ్రీకాకుళం కొండలూ ఉన్నాయి, నెల్లూరు తీరమూ ఉంది. రికార్డు ఏ తెగదో రాసి ఉంటే రాత్రి రైలెక్కి వెళ్లొచ్చు. ఫోన్‌లో వినిపించి, ‘ఇది మీ పాటేనా? మిగతాది ఎలా సాగుతుంది?’ అని అడగొచ్చు. ఒప్పుకుంటే స్టూడియోలో వయొలిన్ వాయించినవాళ్లకు ఇచ్చినట్టే వాళ్లకూ డబ్బు ఇవ్వాలి, పేర్లు వేయాలి. వద్దంటే ఆ ట్రాక్ విడుదల చేయకూడదు.